సైకాలజీ లెక్చరర్ కావాలె, తర్వాత తెలుగుల పాఠ్యపుస్తకం రాయాలె: ఎట్ల చెయ్యాలె?

నెలకి ఇద్దరు ముగ్గురన్న ఇదే అడుగుతరు. "మేడం, పీజీ సైకాలజీ అయిపోయింది, లెక్చరర్ కావాలె, మీ లెక్క ఒక పుస్తకం రాయాలె, ఏడికెల్లి మొదలువెట్టాలె" అని. ములుగు నుంచి ఒకరు, మంచిర్యాల నుంచి ఒకరు, మా హన్మకొండలనే నయీంనగర్ నుంచి ఇంకొకరు. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుకుంట పోతే ప్రతిసారి సగం మర్చిపోతున్న, అందుకే మొత్తం ఒక్కతాన రాస్తున్న. ఉద్యోగం సంగతి జల్ది చెప్పేస్త, ఎందుకంటే అది నోటిఫికేషన్లల్ల ఎట్లనో దొరుకుతది. పుస్తకం సంగతే ఎవ్వరు చెప్పరు, అందుకని దాని మీదనే ఎక్కువ సేపు కూసుంట.

ముందు ఏమేం కావాలె

పీజీ సర్టిఫికెట్, కనీసం రెండేండ్లు క్లాసుల నిలవడి చెప్పిన అనుభవం, ఆ రెండేండ్ల నోట్సు, యూనికోడ్ తెలుగు టైపింగ్ వచ్చిన చెయ్యి (ఫోన్ల మాట్లాడితే టైప్ అయ్యేది కూడ నడుస్తది, గని దిద్దుడు ఎక్కువైతది), ఒక ఇండెక్స్ నోట్‌బుక్, మీ మీద భయం లేని నలుగురు స్టూడెంట్లు. ఈ ఆఖరిది దొరుకుడే అన్నిట్లకన్న కష్టం. "బాగుంది మేడం" అనేటోళ్లు నలభై మంది ఉంటరు, "ఈ పేరా నాకు అర్థం కాలే" అనేటోళ్లు నలుగురు కూడ ఉండరు.

1. అర్హత ముందు తెచ్చుకోండి

పీజీల జనరల్ వాళ్లకి 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకి 50 శాతం ఉండాలె. తర్వాత యూజీసీ నెట్ రాయాలె, సైకాలజీ సబ్జెక్ట్ కోడ్ 04. మొదటి పేపర్ 50 ప్రశ్నలు 100 మార్కులు, రెండో పేపర్ 100 ప్రశ్నలు 200 మార్కులు, రెండు కలిపి మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లెవ్వు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడ ఖాళీ ఇడిచిపెట్టొద్దు, ఇది చెప్పినా సుత ఇడిచిపెట్టి వస్తరు. మన రాష్ట్రంల అయితే ఉస్మానియా యూనివర్సిటీ పెట్టే సెట్ కూడ ఉన్నది, అది మన రాష్ట్రం ఉద్యోగాలకి నడుస్తది గని దాంతోని జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేటోళ్లకిచ్చే ఫెలోషిప్) రాదు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ (మనం లెక్చరర్ అనేదే) పోస్టుకి నెట్ లేకుంటే సెట్, ఏదన్న ఒకటి కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఆ పైన అసోసియేట్, ప్రొఫెసర్ కావాలంటే మాత్రం పీహెచ్‌డీ లేకుంట ముందుకు పోరు.

జాగ్రత్త: "ఇంట్ల కూసోని డిస్టెన్స్‌ల పీజీ సైకాలజీ చేస్త" అని ఇప్పటికీ అడుగుతున్నరు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యల, ఆన్‌లైన్‌ల సైకాలజీల కొత్తగ చేర్చుకోవద్దని యూజీసీ చెప్పింది. 2021ల వచ్చిన హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కిందికి ఈ సబ్జెక్ట్ వచ్చింది కాబట్టి అట్ల చేసిన్రు. ఎవరన్న ఏజెంట్ "ఏం గాదు, పైసలు కట్టుండ్రి" అంటే కట్టకండి, రెగ్యులర్‌ల చేరండి, దానికి సీపీగెట్ (మన రాష్ట్రంల పీజీ సీట్ల ఎంట్రెన్స్) రాయాలె.

ఇంకో మాట, సైకాలజీ లెక్చరర్ వేరు, క్లినికల్ సైకాలజిస్ట్ వేరు. పేషెంట్లని చూడాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలె. పాఠం చెప్పే డిగ్రీతోని బోర్డు పెట్టుకోని కూసోవద్దు.

2. పుస్తకంతోని ప్రమోషన్ వస్తదా, ముందే లెక్కేసుకోండి

ఇక్కడ మస్తుమంది మోసపోతరు. 2018 యూజీసీ రెగ్యులేషన్ల ప్రకారం దేశంల ఉన్న పబ్లిషర్ తోని సొంత పుస్తకం వస్తే రీసెర్చ్ స్కోర్‌ల 10, అంతర్జాతీయ పబ్లిషర్ అయితే 12, వేరేవాళ్లు ఎడిట్ చేసిన పుస్తకంల ఒక చాప్టర్ రాస్తే 5. తర్జుమాకి కూడ మార్కులున్నయి, పుస్తకానికి 8, చాప్టర్‌కి 3. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకి డైరెక్టుగ పోవాలంటే 75 స్కోర్ కావాలె, దాంతోపాటు ఏడు రీసెర్చ్ పేపర్లు, ఎనిమిదేండ్ల అనుభవం. ప్రొఫెసర్‌కి అయితే 120 స్కోర్, పది పేపర్లు, పదేండ్లు. అంటే మూడేండ్లు కూసోని రాసిన పాఠ్యపుస్తకానికి వచ్చేది పది. ప్రమోషన్ కోసమే అయితే పేపర్లు రాసుకోండి, పుస్తకం జోలికి రాకండి. తెలుగుల చదువుకునే పిల్లలకి చేతిల పెట్టనీకి ఏం లేదు అని మీకు కడుపుల మండుతున్నదా, అప్పుడు రాయండి. పది మార్కులు కొసరు అనుకోండి.

"పెద్ద యూనివర్సిటీల ఉన్నోళ్లే రాయాలె, మనది చిన్న డిగ్రీ కాలేజీ" అని ఎనక్కి పోకండి. అమెరికాల వేల కాలేజీ పిల్లలు చదివిన సైకాలజీ పాఠ్యపుస్తకం రాసిన డేవిడ్ మైయర్స్ పనిచేసింది మిషిగన్ రాష్ట్రంల హోప్ కాలేజీ అని ఒక చిన్న కాలేజీల. ఆయన ఆ పుస్తకం మొదటి ముద్రణ 1986ల వచ్చింది.

3. ఎవ్వరికోసం రాస్తున్నరో ఒక్కరిని పట్టుకోండి

మన దిక్కు సైకాలజీ పుస్తకం మూడు రకాలోళ్లు కొంటరు. డిగ్రీ పిల్లలు, బీఎడ్ డీఎడ్ వాళ్లు, టెట్ డీఎస్సీ వాళ్లు. టెట్‌ల 150 మార్కులకి 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవే, కాబట్టి అమ్ముడు పోయేది అదే. పబ్లిషర్ దగ్గరికి పోతే మొదటి మాట "బిట్లు పెట్టండి మేడం" అంటడు. ముగ్గురికి ఒక్కటే పుస్తకం రాద్దాం అనుకుంటే ముగ్గురికీ పనికిరాదు, ఇది నేను చేసిన తప్పే. మొదటి డ్రాఫ్ట్‌ల డిగ్రీ సిలబస్, మధ్యల డీఎస్సీ బిట్లు, అటీటు జీవితానికి సలహాలు. చదివిన మా సీనియర్ సార్ ఒక్కటే అన్నడు, "ఇది పుస్తకమా, జాతర్ల దుకాణమా?"

పద్ధతి ఏందంటే, మీ క్లాసుల మూడో బెంచీల కూసునే ఒక పిల్లని మనసుల పెట్టుకోండి. ఇంటర్ దాక తెలుగు మీడియం, ఇంగ్లిష్ పుస్తకం చదవబోతే పేజీకి పది మాటలు ఆగుతయి, గని తెలివి మస్తుంది. ఆ పిల్లకి రాయండి.

4. పుస్తకం కన్న ముందు మాటల పట్టిక చెయ్యండి

దీన్ని దాటేసి పోయినోళ్లు అందరు ఎనక్కి రావాల్సిందే. ఒకే పుస్తకంల మొదటి చాప్టర్ల "ఉద్దీపన" అని రాసి నాలుగో చాప్టర్ల దాన్నే "ప్రేరకం" అంటరు, ఆ పిల్ల అవి రెండు వేరే సంగతులు అనుకుంటది. ఇండెక్స్ నోట్‌బుక్ తీసి ఎడమ పక్క ఇంగ్లిష్ మాట తెలుగు లిపిల, కుడి పక్క మీరు వాడబోయే మాట రాయండి. స్టిమ్యులస్ ఉద్దీపన, రెస్పాన్స్ ప్రతిస్పందన, లర్నింగ్ అభ్యసనం, ఇంటెలిజెన్స్ ప్రజ్ఞ, పర్సనాలిటీ మూర్తిమత్వం, మోటివేషన్ ప్రేరణ, రీఇన్‌ఫోర్స్‌మెంట్ పునర్బలనం. ఒకసారి రాసినంక పుస్తకం మొత్తం అదే.

కొత్త మాటలు సొంతంగ పుట్టియ్యకండి. తెలుగు మీడియం పుస్తకాల కోసమే 1968ల తెలుగు అకాడమీ పెట్టిన్రు, దానికి మొదటి అధ్యక్షుడు మన వరంగల్ జిల్లా లక్నేపల్లిల పుట్టిన పీవీ నరసింహారావు గారే. పరీక్ష పేపర్ తయారు చేసేటోళ్లు ఆ మాటలే వాడుతరు, మీరు అందంగ ఇంకో మాట పెడితే పిల్లలు పరీక్ష హాల్ల గుర్తువట్టరు. నచ్చకపోయినా అదే వాడి, పక్కన మామూలు మాటల విడమర్చి చెప్పండి. నాకు "రుణాత్మక పునర్బలనం" (నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్, ఏడో మాటల విడమర్చి చెప్పిన) అస్సలు నచ్చదు, రుణం అనంగనే పిల్లలకి అప్పు యాదికొస్తది, చెడ్డది అనుకుంటరు. అయినా అదే వాడిన, కింద మూడు లైన్లు ఎక్కువ రాసిన.

5. ఒక్క చాప్టర్ రాయండి, అది కూడ మొదటిది కాదు

అందరు "మనోవిజ్ఞాన శాస్త్రం నిర్వచనం, పరిధి" తోని మొదలువెట్టి, 1879ల జర్మనీల లైప్‌జిగ్‌ల వూంట్ మొదటి సైకాలజీ ల్యాబ్ పెట్టిండు అని రాసి, పద్నాలుగు నిర్వచనాలు పెట్టి ఆడనే అలిసిపోతరు. మీరు క్లాసుల అన్నిట్లకన్న బాగ చెప్పే పాఠం ఏదో అది ముందు రాయండి. నాది స్మృతి, విస్మృతి. పరిధి గిరిధి ఆఖరుకి రాసుకోవచ్చు, అప్పటికి మీ పుస్తకంల ఏమున్నదో మీకే తెలుస్తది.

రాసే తీరు నాది ఇట్లుంటది. క్లాస్ చెప్పేటప్పుడు ఫోన్ రికార్డింగ్ పెట్టి జేబుల ఏస్కుంట, ఇంటికొచ్చి ఇంటుంటే పిల్లలు ఏడ నవ్విన్రు, ఏడ మల్లొకసారి చెప్పమన్నరు అన్నది దొరుకుతది, మల్ల చెప్పమన్న తాన నేను రెండోసారి ఏ మాటలతోని చెప్పిన్నో అవే పుస్తకంలకి ఎక్కిస్త. మొదటిసారి చెప్పింది పుస్తకాల భాష, రెండోసారి చెప్పింది నా భాష. రికార్డింగ్ మీ గొంతుకే, పిల్లల మాటలు పుస్తకంల వాడాలంటే వాళ్లని అడగాలె.

రోజుకి గంట చాలు, పొద్దున్నే అయితే మంచిది. పేజీలు లెక్కపెట్టుకోకండి. ఆలస్యమైతున్నదని ఏడ్వకండి కూడ. అమెరికా సైకాలజీకి పెద్దదిక్కు విలియం జేమ్స్ అంతటాయన 1878ల హెన్రీ హోల్ట్ అనే పబ్లిషర్ తోని ఒప్పందం చేసుకోని రెండేండ్లల్ల ఇస్తనన్నడు, ఇచ్చింది 1890ల. పన్నెండేండ్లు! అది కూడ రెండు సంపుటాలైంది, క్లాసుల చెప్పుడు కష్టమని 1892ల చిన్నగ చేసి ఇంకోటి తెచ్చిండు, పిల్లలు పెద్దదాన్ని జేమ్స్ అని, చిన్నదాన్ని జిమ్మీ అని పిలుచుకున్నరట. నేనైతే జిమ్మీనే ముందు రాయమంట.

6. ఉదాహరణలు మన ఊరివి పెట్టండి, ప్రయోగాలు మాత్రం మార్చకండి

రెండిట్ల తేడా తెలుసుకోవాలె. తిండి రాకముందే నోట్ల నీళ్లు ఊరిన పావ్లోవ్ కుక్కని తీసేసి మన వీధి కుక్కని పెట్టొద్దు, అది చరిత్ర, రష్యాలనే ఉండాలె. గని ఆ సూత్రం అర్థం కావాలంటే ఉదాహరణ మనదే కావాలె. నిద్ర చాప్టర్ల అమెరికా విమానాల సంగతి ఎందుకు, భూపాలపల్లిల బొగ్గు బావుల నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పండుకునే నాయిన ఉన్న పిల్లలే క్లాసుల కూసున్నరు కద. మొదట ఇన్న సంఖ్యకే మనసు ఎట్ల అతుక్కపోతదో చెప్పాలంటే ఎనుమాముల మార్కెట్‌ల మిర్చికి మొదటి పాట ఎంత పలికిందో యాదిజెయ్యండి. గుంపు ప్రవర్తనకి మేడారం. లయ ఉంటే జ్ఞాపకం ఎట్ల నిలుస్తదో చెప్పాలంటే బతుకమ్మ పాట, ఒక్క కాయితం లేకుంట మా అమ్మ గంటసేపు పాడుతది.

కొన్ని మన భాషకి పడయి, అక్కడ ఆలోచించాలె. జ్ఞాపకం మీద పరిశోధన చేసిన జర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల మీద చేసిన పని 1885ల అచ్చేసిండు, ఇట్లాంటియి దగ్గెర దగ్గెర 2,300 తయారు చేసుకున్నడు, హల్లు అచ్చు హల్లు లెక్కన. మన మాటలు ఎక్కువ అచ్చుతోని అయిపోతయి, "డఫ్, లిజ్" అని ఇస్తే పిల్లలకి నాలుక కూడ తిరగదు, ప్రయోగం చేస్తే జ్ఞాపకం కాదు ఉచ్చారణ పరీక్ష అయితది. నేను "టిఘు, ణేబో" లాంటి రెండక్షరాల మాటలు చేసిన, తర్వాత ఒకామె వాటిల్ల ఒకటి వాళ్లూర్ల తిట్టు అని చెప్పింది, తీసేసిన. అందుకే ముందు పదిమందికి చూపెట్టండి.

7. అందరు చేసే తప్పులు, మీ డ్రాఫ్ట్‌ల ఎతకండి

పాత పుస్తకం చూసి కొత్త పుస్తకం, దాన్ని చూసి ఇంకోటి, ఇట్ల తప్పు కూడ తరాలు మారుతది. నేను ప్రతి డ్రాఫ్ట్‌ల ఈ నాలుగు చూస్త.

ఒకటి, రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష అని రాస్తరు. కాదు. అమ్మ "సదువు సదువు" అని సతాయిస్తది, పుస్తకం తియ్యంగనే ఆగుతది, అందుకని పిల్లగాడు రేపు కూడ పుస్తకం తీస్తడు. నచ్చనిది పోయింది, పని పెరిగింది, ఇదే రుణాత్మక పునర్బలనం. మార్కులు తక్కువొచ్చినయని ఫోన్ గుంజుకుంటే అది శిక్ష. చెక్ చేసే తీరు ఏందంటే, ఆ పని పెరిగిందా తగ్గిందా అని అడగండి, పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష.

రెండు, చిన్న ఆల్బర్ట్. 1920ల వాట్సన్, రేనర్ అచ్చేసిన ప్రయోగం, చిన్న పిల్లగానికి తెల్ల ఎలుక అంటే భయం నేర్పిన్రు. మన పుస్తకాలల్ల కొన్నిట్ల కుందేలుతోని భయపెట్టిన్రు అని, తర్వాత ఆ భయం పోగొట్టిన్రు అని రాసుంటది. పోగొట్టలే. భయం పోగొట్టింది 1924ల మేరీ కవర్ జోన్స్, ఆ పిల్లగాడు పీటర్, అది కుందేలు. ఇద్దరిని కలిపి ఒక్కరిని చేసిన్రు. పాఠ్యపుస్తకాలు ఈ కథని ఎన్ని తీర్ల మార్చినయో బెన్ హారిస్ 1979లనే రాసిండు, అయినా ఇంకా నడుస్తనే ఉన్నది.

మూడు, మాస్లో, మనిషి అవసరాలని మెట్లు మెట్లుగ పెట్టినాయన. 1943 వ్యాసంల అవసరాల క్రమం ఉన్నది గని ఆ త్రికోణం బొమ్మ లేదు, తర్వాతోళ్లు గీసిందది. బొమ్మ పెట్టుకోండి, "మాస్లో గీసిన పిరమిడ్" అని మాత్రం రాయకండి. నాలుగోది "మనం మెదడుల పది శాతమే వాడుతం". ఇది మీ డ్రాఫ్ట్‌ల ఎక్కడన్న ఉంటే కొట్టేయండి, దాని మీద మాట్లాడుడు కూడ దండగ.

పద్ధతి: పేరు, సంవత్సరం, సంఖ్య ఉన్న ప్రతి లైన్ కింద పెన్సిల్ గీత పెట్టండి. ఇంకో పాఠ్యపుస్తకం చూసి కాదు, అసలు వ్యాసం చూసి టిక్ పెట్టండి. మస్తు పాత వ్యాసాలు నెట్‌ల ఉచితంగనే దొరుకుతయి. దొరకకపోతే ఆ లైన్ తీసేయండి, ఎవ్వరు అడగరు.

8. చాప్టర్ అర్థమైతుందా లేదా ఎట్ల తెలుసుకోవాలె

"అర్థమైందా" అని అడిగితే తల ఊపుతరు, అది పరీక్ష కాదు. 1953ల విల్సన్ టేలర్ చెప్పిన క్లోజ్ పద్ధతి వాడండి, పైస ఖర్చు లేదు. ఒక పేజీ తీస్కోని ప్రతి ఐదో మాట తీసేసి గీత పెట్టండి, ఆ పేజీ ఇంతకుముందు చదవని పిల్లలకి ఇచ్చి నింపమనండి. మన తెలుగు మాటలు అతుక్కోని పొడుగుంటయి, ఒక్క మాట పోతే సగం వాక్యం పోతది, అందుకని నేను ఏడో మాట తీస్త. సగం కన్న ఎక్కువ నింపిన్రంటే నడుస్తది, మూడోవంతు కన్న తక్కువైతే ఆ పేజీ మల్ల రాస్త. ఇది నా సొంత కొలత, మీ క్లాసుని బట్టి పెట్టుకోండి.

చాప్టర్ చివర ప్రశ్నలకి ఐటమ్ అనాలిసిస్ (ఒక్కొక్క ప్రశ్న మంచిదా కాదా చూసుడు) చెయ్యండి, మనం పిల్లలకి చెప్పేదే కద, మనమే చెయ్యకపోతే ఎట్ల. నలభై మంది రాస్తే మార్కుల వరుసల పై 27 శాతం, కింది 27 శాతం, అంటే పైన 11 మంది, కింద 11 మంది. ఒక ప్రశ్నకి పైనోళ్ల కన్న కిందోళ్లే ఎక్కువమంది కరెక్టు రాసిన్రంటే ప్రశ్నలనో, మీరు పెట్టిన జవాబులనో తప్పున్నది. నాకు మొదటిసారి అట్లాంటియి మూడు దొరికినయి, రెండిట్ల జవాబే తప్పు పెట్టిన.

పరీక్ష పెట్టే ముందే ఆ పాఠం మీరు క్లాసుల చెప్పకండి. చెప్పినంక ఇస్తే మీ గొంతు పాసైతది, పుస్తకం కాదు.

9. బొమ్మలు, కాపీ, పర్మిషన్

నెట్‌ల నుంచి బొమ్మ గుంజి పెట్టకండి. మెదడు బొమ్మ డ్రాయింగ్ వచ్చిన స్టూడెంట్ తోని గీపియ్యండి, పైసలియ్యండి, పేరు ఎయ్యండి. మన చట్టంల రచయిత చచ్చిపోయినంక 60 ఏండ్ల దాక హక్కులుంటయి. 1910ల పోయిన జేమ్స్‌వి, 1939ల పోయిన ఫ్రాయిడ్ జర్మన్‌ల రాసినయి తర్జుమా చేసుకోవచ్చు, గని ఫ్రాయిడ్‌ని ఇంగ్లిష్‌లకి మార్చినోళ్ల హక్కు వేరే ఉంటది, అది చూసుకోవాలె. సాఫ్ట్‌వేర్ల చూసి "పది శాతం లోపలే కలిసింది" అని ఖుషీ కాకండి, తెలుగుల కాపీ కొడితే అది సరిగ పట్టది. పట్టకపోయినా కాపీ కాపీనే.

10. ప్రెస్సు పని

డీటీపీ (కంప్యూటర్ల పేజీలు తయారుచేసుడు) దగ్గరే సగం పుస్తకం ఖరాబైతది. మీరు యూనికోడ్‌ల టైప్ చేసి ఇస్తరు, ఆయన పేజ్‌మేకర్‌ల అను ఫాంట్‌లకి మారుస్తడు, మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతయి. మొదటిసారి నా పుస్తకంల ఒక చాప్టర్ మొత్తం "ప్రజ్ఞ" కాస్త "ప్రజ" అయ్యి వచ్చింది. ప్రజ్ఞా పరీక్షలు, ప్రజ్ఞా లబ్ధి (ఐక్యూ) పోయి ప్రజల పరీక్షలు, ప్రజా లబ్ధి! కాబట్టి మొదట రెండు పేజీలు మార్పిచ్చి, జ్ఞ, క్ష, ర్య, స్మృ, త్త్వ ఉన్న మాటలన్ని చూసినంకనే మిగతాది ఇయ్యండి. ఇన్‌డిజైన్‌ల యూనికోడ్ తోనే చేసేటోళ్లు దొరికితే ఇంక మంచిది, జర ఎక్కువ తీస్కుంటరు.

ప్రూఫులు మూడుసార్లు, కాయితం మీద, అందుల ఒకసారి వేరేవాళ్లతోని. మీ కండ్లకి మీ తప్పు కనవడది, అది కూడ సైకాలజీనే.

పేజీలు 16 లెక్కన ఫారాలైతయి. మీది 200 పేజీలైతే పన్నెండున్నర ఫారాలు, ఇంకో ఎనిమిది పేజీలు పెంచి 208 చేస్తే సరిగ 13. ఆ ఎనిమిదిల మీ మాటల పట్టిక పెట్టండి, ఖాళీ పేజీలు ఇడిచిపెట్టకుంట.

ఐఎస్‌బీఎన్ (ఒక్కొక్క పుస్తకాన్ని గుర్తువట్టే నంబర్) కోసం ఎవ్వరికీ పైసలియ్యకండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌ల ఉచితంగ ఇస్తది, రచయిత సొంతంగ కూడ అప్లై చెయ్యచ్చు. "మూడు వేలిస్తే నంబర్, ఐదు వేలిస్తే పుస్తకంల మీ పేరు కూడ" అని ఫోన్లు వస్తయి, ఆ నంబర్లు బ్లాక్ చెయ్యండి. పబ్లిషర్ తోని కాయితం రాస్కోకుంట ఫైల్ ఇయ్యకండి. నాకొకసారి నోటి మాట మీద నడిచింది, రెండో ముద్రణ వచ్చిందని హన్మకొండ చౌరస్తాల పుస్తకాల షాపుల చూసినంకనే నాకు తెలిసింది. కాపీలెన్ని, రాయల్టీ ఎంత శాతం, రెండో ముద్రణకి ఎవర్ని అడగాలె, ఈ మూడు కాయితం మీద ఉండాలె.

అచ్చయినంక మొదటి కాపీ తీస్కోని దాని అట్ట మీద "తప్పులు" అని రాసి కాలేజీల మీ టేబుల్ మీద పెట్టండి, పక్కన ఎర్ర పెన్ను. తప్పు పట్టినోళ్లకి చాయ్ అని చెప్పండి. మా దగ్గర మొదటి నెలల ముప్పై ఒక్క చాయ్‌లు అయినయి.